ట్యూబ్‌లైటు కొనేముందు ఆ మూడంకెలు చూడండి

ఇది చోకుతో వెలిగే ట్యూబుల సంగతి, ఎల్ఈడీలది కాదు. షాపులో "తెల్లదే ఇవ్వండి" అంటే మామూలుగా చేతికొచ్చేది నీలం కొట్టే ట్యూబు. వాట్లు అడుగుతాం, రేటు అడుగుతాం, పిన్నుల దగ్గర చిన్నగా అచ్చేసిన మూడంకెలు మాత్రం చదవం. గుట్టంతా అక్కడే ఉంది.

865 అని ఉందనుకోండి. మొదటి 8 అంటే వస్తువుల రంగులు నిజంగా కనబడటంలో నూటికి 80 దాటిన ట్యూబని. 65 అంటే 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత), పట్టపగటి తెలుపు. 840 నీలం కొట్టని తెలుపు, 830 లేత పసుపు, 827 పాత బల్బు వెలుగు. 765 అని ఉంటే గాజు లోపల పాతకాలం పౌడరు పూసిందని అర్థం. దాని వెలుగులో ఎరుపు వంతు బాగా తక్కువ. దాని కింద నెల్లూరు చేపల పులుసు నల్లబారి కనిపిస్తుంది, వెంకటగిరి చీర ఎర్రంచు ఇటుక రంగుకు దిగుతుంది. పైగా అదే 36 వాట్లకు 840 ట్యూబు 3300 ల్యూమెన్ల (ఎంత వెలుగో చెప్పే కొలత) పైచిలుకు ఇస్తే, ఇది 2500 దగ్గరే ఆగిపోతుంది. చవకగా దొరికిందని డబ్బులు మిగిలాయనుకోవడం భ్రమే.

వంటింటికి, హాలుకు 840 పెట్టండి. పడకగదికి 830. పసుపు వెలుగుకు ఉక్క పోస్తుందని మనవైపు ఒక అపోహ. వాట్లు ఒకటే అయితే వేడీ ఒకటే. ఒకే గదిలో 830, 865 కలపొద్దు, పచ్చకామెర్ల గోడలా ఉంటుంది. 10×12 గదికి నాలుగడుగుల 36 వాట్ల ట్యూబు ఒకటి చాలు. గోడలకు ముదురు రంగుంటే చాలదు.

షాపుకెళ్లేటప్పుడు ఒక ఎండుమిరపకాయ వెంట తీసుకెళ్లండి. ట్యూబు వెలిగించి రెండు మూడు నిమిషాలాగి, దాన్నీ మీ అరచేతినీ ఆ వెలుగులో చూడండి. మిరపకాయ గోధుమరంగుకు తిరిగితే వద్దనండి.

టపటపా కొట్టుకుంటూ వెలగకపోతే ట్యూబును తిట్టకుండా ముందు స్టార్టరు మార్చండి. ఓల్టేజి తగ్గినప్పుడు రాగి చోకు మొరాయిస్తుంది, ఊరికే కొట్టుకుని కొట్టుకుని ట్యూబు చివర్లు నల్లబడతాయి. ఎలక్ట్రానిక్ చోకుకు స్టార్టరు అక్కర్లేదు, కంటికి అదురూ ఉండదు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులు చిలుము పడతాయి. మెయిన్ ఆపి, ట్యూబు దించి, గరుకు కాగితంతో పిన్నులు రుద్దండి. హోల్డరు రేకులు వదులైతే హోల్డరే మార్చండి.