రేవు మామ్మ కోసం కోనసీమ వెళ్ళొచ్చాం

రాజమండ్రిలో పొద్దున్నే బయల్దేరి రావులపాలెం, కొత్తపేట మీదుగా పి.గన్నవరం చేరాం, నేనూ మా తమ్ముడూ. ఊళ్ళో అంతా రేవు మామ్మ అని పిలిచిన మా తాతగారి మామ్మ ఉన్న లంక ఊరు చూడాలని ఎప్పట్నించో ఉంది. ఊరి పేరు ఇక్కడ రాయట్లేదు, మావాళ్ళు ఇంకా కొందరు ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

నాన్న తద్దినాలు పెట్టేటప్పుడు ఆవిడ పేరు చెప్పేవారు. మూడు తరాలే కదా చెప్పేది, నాన్న పోయి నేను పెట్టడం మొదలెట్టేసరికి ఆవిడ పేరు వరసలోంచి జారిపోయింది. ఇక ఆ పేరు పైకి పలికే మనిషే మా ఇంట్లో లేరని తెలిసినప్పుడు నాకు చాలా బాధేసింది. వెళ్ళాలని గట్టిగా అనుకున్నది అప్పుడే.

గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన అక్విడెక్టు ఉంది, పక్కనే కాటన్ దొర కాలం నాటి పాతది. కింద గోదారి, పైన కాలవ, చూస్తూ నిలబడిపోయాం. సీతమ్మగారిది ఇక్కడి లంకల గన్నవరమే, 1909లో పోయారు, వేళ కాని వేళలో వచ్చినా ఎవర్నీ ఆకలితో పంపని తల్లి, ఇప్పుడు బళ్ళలో మధ్యాహ్న భోజనానికి కూడా ఆవిడ పేరే పెట్టారు. మా మామ్మ కోడలిగా వచ్చేనాటికి సీతమ్మగారు బతికే ఉన్నారు, ఆవిడ గురించి వినే ఈవిడ కూడా అలా తయారై ఉంటుందని మా అత్తయ్య నమ్మకం. నాకూ అలాగే అనిపిస్తుంది.

ఆఫీసుల సంగతి త్వరగా చెప్పేస్తా. పాత భూమి రిజిస్టర్లలో అన్నీ మగవాళ్ళ పేర్లే, ఆవిడ ఎక్కడా లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మా తాతగారి నాన్న పొలం అమ్మిన దస్తావేజు నకలు తీయించాం, 1954 నాటిది. అందులో హద్దులు చదువుతుంటే తమ్ముడు ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకున్నాడు, దక్షిణం హద్దు దగ్గర "మామ్మగారి చలివేంద్రం పాక" అని ఉంది!! కన్నకొడుకు సంతకం పెట్టిన కాయితంలో కూడా అమ్మ అని కాదు, ఊరంతా పిలిచే పిలుపే రాశారు. పూర్వీకుల గురించి వెతికేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్తున్నా, పాత దస్తావేజుల్లో అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు చూసి వదిలెయ్యకండి, హద్దులు చదవండి.

ఊళ్ళోకి వెళ్తే ఏటిగట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన "ఎవరి తాలూకండి మీరు" అని అడిగారు. చెప్పాం. "ఓరి నాయనో, రేవు మామ్మ మనవలా" అని లేచి నిలబడిపోయారు.

ఆయన చెప్పింది ఇదీ. ఆఖరి పడవ వెళ్ళిపోతే తెల్లారేదాకా ఇంకోటి ఉండేది కాదట, దిగబడిపోయినవాళ్ళంతా మామ్మ ఇంటికే, ఏ కులం ఏ ఊరు అని అడిగేది కాదట. 1953 వరదప్పుడు ఆయనకి పదేళ్ళు. "గట్టు మీద ఉన్నామండి అందరం, పిల్లలు ఏడుస్తుంటే గాదె తీయించేసిందండి, బియ్యం అయిపోయాక ఇత్తనాల వడ్లు కూడా దంపించేసిందండి, నేను తిన్నానండి ఆ అన్నం" అన్నారు. ఆయన గొంతు పూడుకుపోయింది, మేమూ ఏమీ మాట్లాడలేకపోయాం.

అప్పులైపోయి పొలం అమ్మేశారనే మాకు ఇన్నాళ్ళూ చెప్పారు, ఏ అప్పులో ఎవరూ చెప్పలేదు. వరద 53, అమ్మకం 54. విత్తనాలకి చేసిన అప్పేనని కాయితం మీద లేదు కానీ నాకైతే అదేననిపిస్తోంది, అదే అయితే మా తాతగారు ఊరు వదిలి ఉద్యోగానికి వెళ్ళడం గురించి నాకు ఇంక ఏ బెంగా లేదు.

పాక ఉన్న చోటు చూపించమన్నాం. ఆయన చెయ్యెత్తి నీళ్ళలోకి చూపించారు, ఏటి కోతలో పాక, రేవు, పొలంలో సగం అన్నీ పోయాయట. ఆయన మాటలన్నీ ఫోన్లో రికార్డు చేసుకున్నాం. ఆఫీసులో ఇంకా వెనకటి ఇండెక్సులు ఉన్నాయన్నారు, ఆ పాక ఎవరి స్థలంలో వేసిందో వాటిలో తేలొచ్చు. వానలు తగ్గాక మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి అత్తయ్య కూడా వస్తానంది.