టోక్యోలో ఒక బోల్టుల డబ్బా దగ్గర

షింబాషీలో యురికామోమె రైలు ఎక్కి, ప్రదర్శనశాల ఉన్న టోక్యో బిగ్ సైట్‌లో దిగితే దాదాపు 400 యెన్లు. అరగంట కూడా పట్టని దారికి మన రూపాయల్లో రెండొందలు దాటింది! డ్రైవరు లేని బండి కదా, ముందు సీటు దొరికితే మాత్రం ఆ డబ్బు గిట్టుబాటే.

2023 అంతర్జాతీయ రోబో ప్రదర్శన అది. రెండు రోజులు తిరిగాను గానీ, రాయాలనిపించింది ఒక్క స్టాలు గురించే.

ఏ హాల్లో విన్నా చిప్పుల మాటే. రోబోల కోసం ఎన్విడియా చేసిన జెట్సన్ ఓరిన్‌లో పెద్ద రకం 60 వాట్లలోపే సెకనుకు 275 లక్షల కోట్ల లెక్కల దాకా చేస్తుంది. నిజంగా గొప్పే. అయితే ఎదురెదురుగా ఉన్న ఇద్దరు పోటీదారుల దగ్గరా అదే చిప్పు ఉంటే, గెలుపు ఎక్కడ తేలుతుంది? ఆ స్టాల్లో దొరికింది జవాబు.

డబ్బా నిండా కలగలిసి పడున్న స్టీలు బోల్టులు. పైన లోతు కూడా కొలిచే త్రీడీ కెమెరా, పక్కన ఆరు కీళ్ల రోబో చెయ్యి. ఒక్కోటి ఏరి ట్రేలో పెట్టాలి. మాటిమాటికీ తప్పుతోంది. మొదటి కారణం మెరుపు: కెమెరా వేసే చారల వెలుగు నున్నటి లోహం మీద పడి పక్క బోల్టు మీదికి తుళ్లుతుంది, లోతు చిత్రంలో అక్కడ ఖాళీ మిగులుతుంది. ఇంజనీరు చుట్టూ నల్లగుడ్డ కట్టి హాలు దీపాలు పడకుండా చేశాడు. ఒక్క ఫొటో బదులు తక్కువ, మధ్యస్థ, ఎక్కువ వెలుగుల్లో మూడు తీసి కలిపాడు. ఖాళీలు పూడాయి.

అయినా బోల్టుని పట్టుకునే గ్రిప్పరు తప్పుతూనే ఉంది, ప్రతిసారీ ఒకే పక్కకి, రెండు మిల్లీమీటర్లు. తప్పు చెల్లాచెదురుగా ఉంటే బోల్టుని గుర్తుపట్టే మోడల్‌ని అనుమానించాలి. ఎప్పుడూ ఒకే పక్కకైతే కొలతని అనుమానించాలి. కెమెరా పట్టీ స్క్రూ వదులైంది. మీటరు దూరంలో డిగ్రీలో పదో వంతు వంగితే చాలు, 1.7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. స్క్రూ బిగించి, చేతికి కెమెరా ఎక్కడ, ఏ కోణంలో ఉందో మళ్లీ లెక్కగట్టడానికి చెయ్యి కొసన గళ్ల పలక తగిలించి, ఇరవై భంగిమల్లో ఫొటోలు తీశాడు. ఊరికే అటూ ఇటూ జరిపితే చాలదు. మణికట్టుని వేర్వేరు దిక్కులకు వంచాలి, లేకపోతే లెక్క తేలదు. కొత్తగా పనిలోకి దిగేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

పక్కనే బెల్టు మీద ఏరే రోబో. అక్కడ చూడాల్సింది ఆలస్యం. బెల్టు సెకనుకు అర మీటరు కదిలితే, చిప్పు ఆలోచించే 100 మిల్లీసెకన్లలో వస్తువు 50 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. అందుకే జవాబు వచ్చిన క్షణాన కాదు, ఫొటో తీసిన క్షణాన, బెల్టు ఎంత జరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్ అంకెని రాసిపెట్టుకోవాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో రంగు చూసి గింజలు ఏరే సార్టెక్స్ యంత్రం గుర్తొచ్చింది. గింజ జారుతుంటే కెమెరా చూస్తుంది, కాస్త కింద గాలి ఊది రంగుమారిన గింజని తోసేస్తుంది. ఆ ఆలస్యం సరిగ్గా కుదరకపోతే మంచి బియ్యం కూడా తీసేసిన గింజల్లోకి పోతాయి. మిల్లు ఆపరేటరుకి ఏళ్లుగా తెలిసిన సంగతే, ఇక్కడ చిప్పుల మాటల హోరులో వినపడలేదు.

ఐదింటికి హాలు మూసేవేళకి మళ్లీ అటు వెళ్లాను. నల్లగుడ్డ అలాగే ఉంది. డబ్బా అడుగున నాలుగు బోల్టులు మిగిలాయి, చెయ్యి ఐదోదాన్ని ట్రేలో పెడుతోంది.