నేల మీద వైరు లేదు

ఆదివారం, రాత్రి 10 గంటలు

ఇవాళ హాల్లో నేల మీద వైరు లేదు. ఈ ఒక్క మాట రాసుకోవడానికే డైరీ తెరిచాను.

అమ్మకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయ్యి 26 రోజులు. వారానికి మూడుసార్లు, సాయంత్రం 5 గంటలకి, ఫిజియోథెరపిస్ట్ వీడియో కాల్‌లో వ్యాయామాలు చేయిస్తుంది. మోకాలు ఎంత వంగుతోందో పక్కనుంచి చూస్తేనే తెలుస్తుందట. అందుకని లాప్‌టాప్‌ని అమ్మ కుర్చీకి పక్కగా, రెండు మీటర్ల దూరంలో స్టూల్ మీద పెడతాం. మెడ తిప్పి ఆ చిన్న తెర చూస్తూ కాలు లేపడం అమ్మ వల్ల కాదు. కాబట్టి అదే బొమ్మ ఎదురుగా గోడ మీదున్న టీవీలోనూ కనిపించాలి. ఆ టీవీ పాతది, వైఫై లేదు. ఇన్నాళ్లూ బొమ్మనీ శబ్దాన్నీ టీవీకి మోసే 10 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్‌తో నడిపించాం. అది సరిగ్గా పడగ్గది నుంచి కుర్చీకి వచ్చే దారికి అడ్డంగా పడి ఉండేది. అమ్మ రోజూ అక్కడికి రాగానే ఆగి, కిందికి చూసి, వాకర్‌ని ఎత్తి అవతల పెట్టి, అప్పుడు అడుగు వేసేది.

గురువారం వాకర్ కాలు ఆ వైరులో చిక్కుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. అమ్మ పట్టుకున్న చోట నా మణికట్టు మీద గోళ్ల గుర్తులు ఇంకా పోలేదు. ఆ రాత్రే వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ సెట్ ఆర్డర్ పెట్టాను. పొద్దున వచ్చింది.

రెండు చిన్న ముక్కలు. టీఎక్స్ అని రాసున్నది బొమ్మ పంపేది, లాప్‌టాప్‌కి; ఆర్ఎక్స్ అని రాసున్నది అందుకునేది, టీవీకి. యాప్ అక్కర్లేదు, రౌటర్ అక్కర్లేదు, ఇంట్లో నెట్ లేకపోయినా పరవాలేదు. రెండూ 5 గిగాహెర్ట్జ్ రేడియో మీద తమలో తామే కలుపుకుంటాయి. పెట్టిన నిమిషంలోపే టీవీలో నా డెస్క్‌టాప్ ప్రత్యక్షమైంది. అమ్మ మంచం మీంచే "వచ్చిందా?" అని అడిగింది. "వచ్చిందమ్మా" అన్నానో లేదో, బొమ్మ పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది.

అరగంట టెన్షన్ పడ్డాక కారణం దొరికింది, కరెంటు. హెచ్‌డీఎంఐలో 5 వోల్టుల పిన్ ఒకటి ఉంటుంది కానీ, బొమ్మ పంపే లాప్‌టాప్ వైపు దాని నుంచి కచ్చితంగా వస్తుందని నమ్ముకోగలిగింది 55 మిల్లీఆంపియర్లే, టీవీ వైపు సాకెట్ అయితే అదీ ఇవ్వదు. ఇలాంటి ముక్కకి అది ఏ మూలకీ చాలదు. అందుకే దానికి విడిగా యూఎస్‌బీ తోక ఉంటుంది. నేను ఆ తోకని టీవీ వెనకున్న యూఎస్‌బీ పోర్టులో పెట్టాను. అది 2.0 రకం, 500 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. ఆర్ఎక్స్ లేస్తూ, చాలక పడిపోతూ ఉంది. 2 ఆంపియర్ల ఫోన్ చార్జర్‌కి మార్చాక ఇక బొమ్మ పోలేదు. ఎవరైనా ఈ సెట్ కొంటే నేను మొదట చెప్పేది ఇదే, టీవీ పోర్టుని నమ్ముకోకండి.

తర్వాత ఇంకో అనుమానం. బొమ్మ ఆలస్యంగా వస్తే "ఇప్పుడు దించండి" అన్నప్పుడు అమ్మ ఇబ్బంది పడుతుందేమో. లాప్‌టాప్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, రెండు తెరలూ కలిసి పడేలా ఫోన్‌తో ఫొటో తీశాను. లాప్‌టాప్‌లో 14.62, టీవీలో 14.49. ఇంకో మూడు తీశాను, అన్నిట్లోనూ తేడా సెకనులో పదో వంతుకి అటూ ఇటూగానే ఉంది. ఈ ఆలస్యం ఎందుకో లెక్క వేస్తే అర్థమవుతుంది. 1080పీ తెరలో 20 లక్షలకి పైగా చుక్కలు, ఒక్కో చుక్కకి 24 బిట్లు, సెకనుకి 60 బొమ్మలు. అంటే సెకనుకి దాదాపు 300 కోట్ల బిట్లు. కేబుల్ అదంతా ఉన్నదున్నట్టు మోస్తుంది. వేలెడంత ఈ ముక్క గాలిలో అంత పంపలేదు కాబట్టి, టీఎక్స్ కుదించి పంపుతుంది, అవతల ఆర్ఎక్స్ విప్పి టీవీకి ఇస్తుంది. ఆ కుదించడానికీ విప్పడానికీ పట్టే సమయమే ఇది. గేములు ఆడేవాళ్లకి పనికిరాదు. కాలు ఎత్తి దించడానికి ఏ ఇబ్బందీ లేదు.

5 గంటలకి కాల్ మొదలైంది. ఆవిడ "నమస్తే అమ్మా, నొప్పి ఎలా ఉంది" అనగానే తన మాటే తనకి తిరిగి వినిపిస్తోందంది. శబ్దం టీవీలోంచి వస్తోంది, దాన్ని లాప్‌టాప్ మైక్ మళ్లీ పట్టుకుంటోంది. ప్రతిధ్వనిని తీసేసే పని కాల్ సాఫ్ట్‌వేర్‌దే, కానీ శబ్దం దూరం నుంచి, ఆలస్యంగా వస్తే దానికి కష్టం. సెట్టింగ్స్‌లో శబ్దాన్ని లాప్‌టాప్ స్పీకర్‌కి మార్చి, బొమ్మ ఒక్కటే టీవీకి వదిలాను. సర్దుకుంది.

కూర్చుని చేసేవన్నీ బాగా జరిగాయి. నిలబడి చేసేవి మొదలుపెట్టగానే టీవీలో ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వెంటనే లాప్‌టాప్ చూశాను, అక్కడ మామూలుగానే కదులుతోంది. అంటే నెట్ తప్పు కాదు. కుర్చీ వీపు పట్టుకుని అమ్మ, పడకుండా చూడటానికి ఆమె పక్కన నేను, ముందు అల్యూమినియం వాకర్. మేమంతా సరిగ్గా టీఎక్స్‌కీ ఆర్ఎక్స్‌కీ మధ్య నిలబడ్డాం. మనిషి ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీళ్లే, ఆ రేడియో అలల్ని అవి పీల్చేస్తాయి. లోహం వెనక్కి తిప్పేస్తుంది. దానికి తోడు ఆర్ఎక్స్ టీవీ రేకు వెనకాల దాక్కుని ఉంది.

"రెండు నిమిషాలు మేడమ్" అని అమ్మని కూర్చోబెట్టాను. పెట్టెలో వచ్చిన చిన్న పొడిగింపు కేబుల్‌తో ఆర్ఎక్స్‌ని టీవీ అంచు కిందికి లాగి టేపు అంటించాను. ఇంట్లో ఉన్న ఇంకో దాంతో టీఎక్స్‌ని పక్కనున్న పుస్తకాల బీరువా పైకి ఎక్కించాను, మా తలల కన్నా ఎత్తుకి. ఇక కాల్ అయ్యేదాకా బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. మోకాలు వంగేది పోయినవారం కన్నా మెరుగని ఆవిడ చెప్పింది. అమ్మ మొహం వెలిగిపోయింది. నాకైతే గొంతు పట్టేసింది.

రాత్రి అమ్మ సీరియల్ పెట్టమంది. ఓటీటీ యాప్‌లో మాట వచ్చింది, బొమ్మ మాత్రం నల్లగా ఉంది. కాపీ కాకుండా పెట్టిన హెచ్‌డీసీపీ తాళం ఈ సెట్ దగ్గర తెరుచుకోలేదన్నమాట. సీరియల్ లాప్‌టాప్‌లోనే, ఒళ్లో పెట్టుకుని చూసింది. దాని గురించి నాకేం బాధ లేదు.

పాత కేబుల్‌ని చుట్టి పైన అటకమీద పెట్టాను. అమ్మ చూస్తూనే ఉంది.

ఇందాక పడుకోవడానికి తనే లేచి వెళ్లింది. నేను వెనకే నడిచాను. టక్, టక్ అని వాకర్ శబ్దం. ఎప్పుడూ వైరు ఉండే చోటికి రాగానే ఆగింది. కిందికి చూసింది. కాసేపు అలాగే చూసి, వాకర్ ఎత్తకుండా ముందుకి జరిపి, గదిలోకి వెళ్లిపోయింది.