గిన్నె సీన్‌కి నవ్వు ఎందుకొస్తుంది?

1978 నాటి హాంకాంగ్ కుంగ్‌ఫూ కామెడీ సినిమా ‘స్నేక్ ఇన్ ది ఈగిల్స్ షాడో’ కథ పలచన అంటారు చాలామంది. నిజమే. గురువు, శిష్యుడు, వెంటాడే శత్రువు, అంతే. కానీ గిన్నె కోసం ముసలి గురువుకీ శిష్యుడు జాకీ చాన్‌కీ జరిగే పెనుగులాట చూడండి. సెట్టింగుల ఖర్చే లేదు. కెమెరా వెనక్కి జరిగి ఇద్దరినీ తల నుంచి పాదాల దాకా చూపిస్తుంది, ఒకే షాట్‌లో వరసగా ఎత్తులు నడుస్తాయి. దెబ్బదెబ్బకీ కట్ చేస్తే ఎవరు ఎలా తప్పించుకున్నారో అర్థం కాదు, నవ్వూ రాదు. ఈ తరహా సినిమాలు చౌకలో తీసేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

వేగం కోసం సెకనుకు 20 ఫ్రేములు (విడి బొమ్మలు) తీసి 24లో ఆడిస్తే కదలిక ఐదో వంతు పెరుగుతుంది. ఇంకా తగ్గిస్తే చొక్కా చేతులు వణికినట్టు కొట్టుకుని గుట్టు బయటపడుతుంది.

డబ్బింగ్ మోతను క్షమించొచ్చు. ఈ సినిమాలో పిల్లికీ నాగుపాముకీ నిజంగా పెట్టిన పోరును మాత్రం క్షమించలేను. ఆ విషయంలో తిట్టినవాళ్లదే న్యాయం.

దర్శకుడు యువెన్ వూ-పింగ్‌కి ఇది తొలి సినిమా. ఆ ముసలి గురువు ఆయన కన్నతండ్రే!