రోడ్డు మీద నాటకం, రోడ్డు మీద వంట

ఈ సెమిస్టర్ మాకు ఒక ఆప్షనల్ పేపర్ ఉంది, ప్రదర్శన, నిరసన, పబ్లిక్ ప్లేస్ ఈ మూడూ కలిపి. థియేటర్ వాళ్ళకే అనుకుని చాలామంది వదిలేశారు కానీ నన్నడిగితే రోజూ సిటీ బస్సెక్కే ప్రతి ఒక్కరూ చదవాల్సిన సబ్జెక్ట్ ఇది.

మొదట వీధి నాటకాల కళాకారుడు సఫ్దర్ హష్మీ గురించి చదివాం. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కనే సాహిబాబాద్‌లో, ఝండాపూర్ అనే కార్మికుల బస్తీలో వాళ్ళ టీమ్ వీధి నాటకం వేస్తుంటే దాడి జరిగింది, మర్నాడు ఆయన చనిపోయారు. అంతవరకు చాలామందికి తెలుసు. నన్ను కదిలించింది జనవరి 4న జరిగింది. ఆయన భార్య మాలా హష్మీ, మిగతా వాళ్ళు అదే చోటికి తిరిగొచ్చి అదే నాటకం మళ్ళీ వేశారు. ఏ ఆడిటోరియంలోనో వేసి ఉంటే నివాళి సభ అయ్యేది, అక్కడే వేశారు కాబట్టే ఇన్నేళ్ళయినా చెప్పుకుంటున్నాం.

మన దగ్గరికొస్తే వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి, నాజర్ బుర్రకథ, మాభూమి నాటకం, వాటి మీద నిషేధాలు. నాటకాలని ఆపడానికి బ్రిటిష్ వాళ్ళు 1876లో తెచ్చిన చట్టం 2018 దాకా పుస్తకాల్లో ఉందంటే నమ్మలేకపోయా.

కానీ నాకు అన్నిటికంటే నచ్చింది వంటావార్పు క్లాసు. తెలంగాణ ఉద్యమంలో 2011లో జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టారు కదా. మూడు రాళ్ళు, కట్టెలు, పెద్ద గుండిగ, నలుగురు కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తుంటారు, అన్నం ఉడికేదాకా లారీ కదలదు. మైకు లేదు, స్పీచ్ లేదు, రోజూ ఇంట్లో ఎవరూ పట్టించుకోని పని రోడ్డు మధ్యలోకొచ్చేసరికి హైవే ఆగిపోయింది, పైగా వండినోళ్ళు, ఆగిపోయినోళ్ళు పక్కపక్కనే కూర్చుని తినొచ్చు. బతుకమ్మ కూడా అంతే, ఆడవాళ్ళు వలయంగా తిరిగితే చాలు ఆ చౌరస్తా కాసేపు వాళ్ళదే.

ఇక ధర్నా చౌక్. హైదరాబాద్‌లో ఇందిరా పార్క్ దగ్గర ఎన్నో ఏళ్ళుగా ధర్నాలు జరిగే ఆ చోటుని 2017లో మూసేసి ఊరి చివర స్థలాలు చూపించారు, 2018లో హైకోర్టు చెప్పాక మళ్ళీ తెరుచుకుంది, 2021 నవంబర్‌లో అప్పటి రాష్ట్ర అధికార పార్టీ టీఆర్ఎస్సే వడ్ల కొనుగోలు కోసం అక్కడే కూర్చుంది! క్లాసులో కొందరు ట్రాఫిక్ ఇబ్బంది కదా, ఊరి బయట పెట్టుకుంటే ఏమైంది అన్నారు. ఇబ్బంది నిజమే, అంబులెన్స్‌కి దారివ్వాల్సిందే. కానీ చూసేవాళ్ళు లేని చోట ధర్నా చేయమనడం, నాటకం వేసుకోండి కానీ ప్రేక్షకులుండరు అన్నట్టే కదా. జీతం రాని అంగన్‌వాడీ టీచరో, ఆశా వర్కరో అంత దూరం బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్ళి ఖాళీ పొలాలకి చెప్పుకోవాలా?

మేమూ ఒక మధ్యాహ్నం అక్కడికెళ్ళి చూశాం. షామియానా, ఫ్లెక్సీ, టీ బండి, బందోబస్తు పోలీసులు. డప్పు వాళ్ళు పాత పేపర్లు మంటేసి డప్పులు కాచుకుంటున్నారు, తోలు బిగిసేదాకా తిప్పి తిప్పి వేడి చేసి వేలితో కొట్టి చూస్తున్నారు. ఇంకా దరువు మొదలే కాలేదు, ఆ మంట దగ్గరే పదిమంది మూగారు, బండి మీద పోయే ఒకాయన ఆపి ఏం గొడవ అన్నా అని అడిగాడు. వాళ్ళలో పెద్దాయన డప్పు పక్కన పెట్టి, మూడు నెలల నుంచి జీతాల్లేవు తమ్ముడూ అని మొత్తం చెప్పాడు.

ఫైనల్ ఎగ్జామ్ బదులు మేం ఏదైనా పబ్లిక్ ప్లేస్‌లో చిన్న ప్రదర్శన ఇవ్వాలి. మా గ్రూప్ రాత్రి తొమ్మిది దాటాక బస్సు కోసం ఎదురుచూసే ఆడపిల్లల మీద చేస్తోంది, చోటు కూడా బస్టాపే. పర్మిషన్ కోసం స్టేషన్‌కి అప్లికేషన్ రాశాం, ఇవ్వకపోతే కాలేజీ గేటు లోపల వేద్దామని సగంమంది అంటున్నారు. నేను మాత్రం ఒప్పుకోను, లోపల మమ్మల్ని చూసేది మా క్లాస్‌మేట్సే, బస్టాప్‌లో ఎదురుచూసేవాళ్ళు బయటే ఉంటారు.