అత్తయ్య చూసిన తెల్ల చుక్కలు

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. చేపల తొట్టి గురించి ఇంత రాత్రప్పుడు రాస్తానని అనుకోలేదు. రాయకుండా పడుకుంటే మాత్రం తెల్లారేదాకా అదే మాట బుర్రలో తిరుగుతా ఉంటుంది.

చిన్నోడు కాలవలోంచి నాచు తెచ్చి తొట్టిలో వేశాడని మొన్న రాశాను కదా. ఆ నాచుతో పాటు ఏం వచ్చాయో ఏమో, ఇప్పుడు అద్దం నిండా తెల్ల చుక్కలు. ముందు దుమ్మే అనుకున్నాను. కాసేపు నిలబడి చూస్తే అవి కదులుతున్నాయి. ఈదడం కాదు, గెంతడం. ఆగుతాయి, ఒక్క గెంతు గెంతుతాయి, మళ్ళీ ఆగుతాయి. చిన్నోడు ఫోన్ జూమ్ చేసి ఫోటో తీశాడు. ముందు లావుగా, వెనక సన్నగా ఉంది ఒళ్ళు. తోకకి అటూ ఇటూ రెండు గుడ్ల సంచులు. తల మీద ఒకటే కన్ను, నల్లటి చుక్కలాగా. హేచరీలో పని చేసే మా తమ్ముడికి పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "సైక్లోప్స్ అక్కా. చేపపిల్లలకి మంచి మేత, ఏం చెయ్యొద్దు" అన్నాడు. నిజమే, మొన్న పుట్టిన గప్పీ పిల్లలు వాటి వెంట పడుతుంటే చిన్నోడు హోంవర్క్ కూడా మర్చిపోయి అక్కడే కూర్చున్నాడు.

సాయంత్రం అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చారు. చాలాసేపు చూశారు. "ఏమ్మే, ఇది నారిపురుగు గదా" అన్నారు. నారిపురుగంటే గినియా వార్మ్, తాగే నీళ్ళతో ఒంట్లోకి చేరి కాల్లోంచి బయటికొచ్చే పురుగు. ఈ చుక్కలు ఆ పురుగు కాదు, దాన్ని మోసేవి. వంటింట్లోకి వెళ్ళి, పాత నూలు చీర చింపి, మూడు మడతలు పెట్టి బిందె మూతికి కట్టారు. ఆర్వో నీళ్ళే, అయినా సరే వడకట్టి గానీ తాగనన్నారు.

ఈయన నవ్వారు. "అమ్మా, ఆ మిషన్లో బ్యాక్టీరియానే ఆగిపోద్ది, నీ పురుగెంత" అని. అంతటితో ఊరుకోకుండా చేపలు కొన్న షాపుకి ఫోన్ చేశారు. ఆ షాపాయన ఏం పురుగు, ఎట్లా ఉంది, ఎక్కడి నీళ్ళు, ఒక్క మాట అడగలేదు. "మూడు వందల యాభై సార్, ఒక్క మూత పోస్తే అన్నీ చస్తాయి" అన్నాడట. అన్నీ అంటే? తొట్టిలో నత్తలున్నాయి, చిన్న రొయ్యలున్నాయి. రాగి ఉన్న మందైతే ముందు పోయేవి అవే. తమ్ముడికి ఫోటో చూడగానే తెలిసింది. అమ్మేవాడికి ఫోటో అడగాలన్న ఆలోచనే రాలేదు. పది అడుగుల దూరంలో తొట్టి ఉంటే ఈయనైనా లేచి వచ్చి చూడొచ్చు కదా! ఇద్దరూ చూడకుండానే తేల్చేశారు. ఒకరు నవ్వి, ఒకరు సీసా అమ్మజూపి. దగ్గరికెళ్ళి చూసింది ఒక్క అత్తయ్యే, పోల్చిందీ ఆవిడే. నాకు మండింది అక్కడే.

ఎందుకంటే ఆవిడ చెప్పింది కాకమ్మ కథ కాదు. అత్తయ్య పుట్టిల్లు మార్కాపురం అవతల. ఊరికంతా ఒకటే దిగుడుబావి. ఆడవాళ్ళు మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బిందె ముంచేవాళ్ళట. అత్తయ్య వాళ్ళమ్మకి చీలమండ పైన పొక్కు లేచింది. నిప్పు పెట్టినట్టు మంట. మంట తగ్గుతుందని కాలు నీళ్ళలో పెడితే పొక్కు పగిలి తెల్లటి దారం తల బయట పెట్టింది. దాన్ని ఈనెపుల్లకి చుట్టి, రోజుకి బెత్తెడో అంతకన్నా తక్కువో లాగేవాళ్ళు. గట్టిగా లాగితే లోపల తెగి, కాలంతా చీము పట్టేది. గజం పొడుగు పురుగు పూర్తిగా వచ్చేదాకా మనిషి మంచంలోనే. సరిగ్గా కోతల రోజులు. అత్తయ్యకి అప్పటికి పదేళ్ళు కూడా లేవు. తెల్లవారుజామున లేచి నీళ్ళు తేవడం, వడకట్టడం, వాళ్ళమ్మ పుల్ల కదలకుండా గుడ్డ చుట్టడం ఆవిడ పనే. ఇది చెప్పేటప్పుడు ఆవిడ వేళ్ళు ఆ పుల్ల తిప్పినట్టు తిరిగాయి.

పొక్కు పగిలినప్పుడు ఆ పురుగు పిల్లల్ని నీళ్ళలోకి వదులుతుంది. వాటిని మింగేది ఈ సైక్లోప్సే. ఆ నీళ్ళు తాగిన మనిషికి ఏడాది తర్వాత కాల్లోంచి పురుగు బయటికొస్తుంది. టీకా లేదు, మందు లేదు. మెట్ల బావులు మూసి, బోర్లు వేసి, బావుల్లో సైక్లోప్స్ చచ్చే మందు చల్లి, గుడ్డతో వడకట్టుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. మన దేశంలో చివరి కేసు 1996లో. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియాలో ఈ రోగం లేదని సర్టిఫికెట్ ఇచ్చింది. అంటే అత్తయ్య కట్టిన మూడు మడతల గుడ్డ చాదస్తం కాదు, ఆ రోజుల్లో అదే మందు.

ఇవాళ సాయంత్రం మాత్రం, ఈ గొడవంతా ఎందుకు, రేపు తొట్టి ఖాళీ చేయించి అక్కకి ఇచ్చేద్దాం అనుకున్నాను. పెద్దావిడని టెన్షన్ పెట్టి మనకి చేపలెందుకు? అన్నం తిన్నాక అదే చెప్పబోయాను, నోట్లోంచి వేరే మాట వచ్చింది. "అత్తయ్యా, ఆ రోగం మన దేశంలో ఇంక లేదు. పోయింది" అన్నాను.

"పోయిందా? ఎప్పుడు?"

చెప్పాను. ఇన్నేళ్ళలో ఆవిడకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. పేపర్లో వచ్చే ఉంటుంది, ఆవిడ పేపరు చదవరు. బోరు వేసినవాళ్ళు బోరు వేసి వెళ్ళిపోయారు. పురుగు లేకపోతే సైక్లోప్స్ ఏమీ చెయ్యవని, ఇవి నాచులో ఎప్పుడూ ఉండేవేనని కూడా చెప్పాను. "అట్లనా" అని, మా చిన్నోణ్ణి పిలిచి ఆ ఫోటో మళ్ళీ చూపించమన్నారు. "ఇంత పెద్దగా ఎప్పుడూ చూళ్ళేదురా" అన్నారు. గుడ్డ మాత్రం విప్పనన్నారు. విప్పనక్కర్లేదు, ఉండనివ్వండి అన్నాను.

కాబట్టి తొట్టి ఎక్కడికీ పోవడం లేదు, ఆ సీసా కొనేదీ లేదు. మేత కాస్త తగ్గించి వేస్తే అవే తగ్గుతాయని తమ్ముడు చెప్పాడు. ఈయనతో రేపు కాఫీ దగ్గర మాట్లాడాలి. వాళ్ళమ్మని ఆ బావి సంగతి ఆయన ఒక్కసారి కూడా అడగలేదట.