వ్యాయామశాలకు మూలలు

ఎండాకాలం షార్జాలో మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా బయట పని బంద్. ఆ టైంలోనే హనుమకొండ నుంచి మేనల్లుడి ఫోన్. "మామా, నయీంనగర్ల జిమ్ పెడుతున్న. బోర్డు అక్షరాలు నువ్వే గియ్యాలె. మూలలు మూలలుంటయి సూడు, గసొంటియి."

వాడు అడిగేదేంటో నాకు తెలుసు. ఆటగాళ్ల జెర్సీల మీద నంబర్ల లాంటి ఫాంట్. లావుగా, పలకలుగా ఉంటుంది. గుండ్రంగా ఉండాల్సిన 'ఓ'కి కూడా నాలుగు మూలలూ నరికేస్తారు. జిమ్‌లకు, గ్యారేజీలకు అదే అడుగుతారు. 11 ఏళ్లుగా మా బోర్డుల వర్క్‌షాప్‌లో, లోపల లైటు వెలిగే అలాంటి అక్షరాలే చేస్తున్నాను. చేసేవాడికీ హాయే. అల్యూమినియం పట్టీకి గాడి పెట్టి వంచితే మూల వచ్చేస్తుంది. ఇంగ్లీష్ 'ఈ'కి 12 వంపులు, అంతే. 'ఎస్' వచ్చిందంటే మాత్రం మా కేరళ ఫోర్‌మన్ దగ్గరికి పోవాల్సిందే.

ఇక్కడ బోర్డు మీద అరబిక్ తప్పనిసరి. అది మూలల్లో కుదరదనుకునేవాణ్ని. కానీ వాళ్లకు కూఫీ ఉంది, ఇరాక్‌లోని కూఫా ఊరి పేరు మీద వచ్చిన పాత రాత. అందులో చతురస్ర కూఫీ అయితే అంతా నిలువు, అడ్డం, ఇటుకలు పేర్చినట్టు.

మన తెలుగుకు అలాంటి మూలల తాత ఉన్నట్టు నాకు తెలీదు. తాటాకు చీలకుండా గుండ్రంగా రాశారంటారు. మరి రాయికేమైంది? వేయిస్తంభాల గుడిలో కాకతీయ రాజు రుద్రదేవుడి 1163 నాటి శాసనం ఉంది. భాష సంస్కృతం, లిపి తెలుగు-కన్నడ. అక్కడ ఉలి కూడా వంపులే తిరిగింది. చదవడం రాకపోయినా చిన్నప్పుడు ఆ గాడుల్లో వేలు పెట్టి తిప్పేవాణ్ని.

అంతలో అక్క ఫోన్ లాక్కుంది. "జిమ్మేందిరా తమ్మీ, వ్యాయామశాల అని తెలుగుల రాయి."

అక్కకేం తెలుసు, అదెంత టెన్షనో! వ, య, మ. మూడూ అన్నదమ్ములే. లావు చేసి మూలలు కొట్టేసరికి లోపలి ఖాళీలు పూడుకుపోయి, మూడు ఇనుప పెట్టెలు వరసగా పెట్టినట్టయింది. పైగా 'వ్యా' కింద య ఒత్తు. 3 అడుగుల బోర్డులో ఒత్తుకు చోటిస్తే పై అక్షరానికి 2 అడుగులు కూడా మిగలవు. ఇంగ్లీష్ పెద్దక్షరాలకు ఈ బాధ లేదు.

రెండు రాత్రులు కూర్చున్నాను. నిలువు గీతలు లావుగానే ఉంచి, అడ్డగీతలు సన్నం చేశాను. 'మ' తోకను బాగా పైకి లేపాను. 'య'కి ఒక్కచోట వంపు వదిలేశాను. అన్నింటికీ మూలలు కొట్టాలని రూలేం లేదు కదా.

ఇక కింద 'హనుమకొండ'. 'హ' తలకట్టు విడిగా ఉంటుంది, దానికి వేరే ముక్క, వేరే వైరు. ఇదివరకు ఇక్కడ ఓ తెలుగువాళ్ల కొట్టుకు 'సరుకులు' అని చేస్తూ తలకట్టుకు వైరు లాగడం మరిచాను. రాత్రయితే 'స' బోడిగుండుతో వెలిగేది. ఓనర్ నవ్వాడు గానీ డబ్బులు వారం ఆపాడు.

ఫైల్ పంపి, తలకట్టు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాను. పొద్దున మేనల్లుడి మెసేజ్: "మామా, ఆ ఎర్ర సున్నా కూడా కొయ్యమంటవా అని అడుగుతున్నడు బోర్డు అన్న."